ఇంటిలోని ఇనుపదారి

రైలుబండిని చూచి ఆనందింపని బాలుడుగాని బాలికగాని ఉండుట అరుదు. దూరమున కూత వినబడినంతనే పొలములో కలుపు తీయువారు సైతము తల యెత్తి చూతురు. బండి సాగిపోయిన పిదప పట్టాలు మరల నిశ్శబ్దమగును. చూచినవారి మనస్సు మాత్రము బండి వెంట కొంతదూరము పోవును. ఈ ఆకర్షణమే అనేక దేశములలో పిన్నలచేతను పెద్దలచేతను ఇండ్లలో చిన్న చిన్న రైలుదారులను నిర్మింపజేసినది. ఒక బల్లమీదనో, ఒక గది మూలనో పట్టాలు పరచి, వానిపై జానెడు పొడవు గల బండ్లను విద్యుత్తుతో నడుపుచు, ప్రతి యేడును దానిని మెరుగుపరచుకొనుచు వారు గడపుదురు.

బొమ్మరైలు వేరు, నమూనారైలు వేరు. బొమ్మరైలు పరుగెత్తిన చాలును. నమూనారైలు నిజమైన రైలును పోలవలెను. ఏ విషయములో పోలవలెను? ఆకారములోనా, రంగులోనా, నడకలోనా? ఈ ప్రశ్న పుట్టిన క్షణముననే ఆట చదువుగా మారును. ఏలయన, నిజమును పోలవలెననిన ముందుగా నిజమును తెలిసికొనవలెను. ఈ పాఠములో రెండు సంగతులను ముఖ్యముగా విచారింతము. మొదటిది, రైలుదారి చుట్టును ఉండవలసిన కొండలు, చెట్లు, ఇండ్లు మొదలగు దృశ్యము. రెండవది, బండి యే దిక్కునకు పోవుటకు దారి యీయబడినదో తెలుపు సిగ్నలు.

ఈ విద్య జర్మనీ దేశములో వేళ్లూనినది. గోపింగెన్ పట్టణములోని మెర్క్‌లిన్ అను బొమ్మల సంస్థ 1891లో లైప్జిగ్ నగరపు సంతలో తాళము త్రిప్పిన నడచు చిన్న రైళ్లను ప్రదర్శించెను. రైళ్లకంటెను వానితో కూడ ఉంచిన పట్టాలే అందు విశేషము. పట్టాల నడుమ దూరమునకు ఆ సంస్థ స్థిరమైన కొలతలను ఏర్పరచెను. కావున ఈ యేడు కొన్న పట్టాలకు మరుసటి యేడు మరికొన్నిటిని చేర్చుకొనవచ్చును. దారి ఏటేట పెరుగును. ఇంగ్లండులో మెకానో అను కూర్పు బొమ్మలను కల్పించిన ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో లివర్‌పూల్ నగరమునుండి చిన్న రైళ్లను అమ్మసాగెను. అటుపిమ్మట ఈ యభిరుచి దేశదేశములకు వ్యాపించెను. మన దేశములో పూనే నగరమున 1998లో తెరవబడిన జోషి చిన్నరైళ్ల ప్రదర్శనశాల నేటికిని బాలబాలికలను ఆకర్షించుచున్నది.

నమూనా రైలునకు ప్రాణము కొలత. నేడు ఎక్కువగా వాడబడు హెచ్.ఓ. అను కొలతలో ప్రతి వస్తువును నిజమైన దానిలో 87వ వంతు ఉండును. ఐరోపాలోను అమెరికాలోను పట్టాల నడుమ దూరము 1435 మిల్లీమీటర్లు. దానిని 87 చేత భాగించినచో సుమారు 16.5 మిల్లీమీటర్లు వచ్చును. ఈ కొలతలో అమ్మబడు పట్టాల యెడము అదియే. మన దేశపు పెద్దపట్టాల యెడము 1676 మిల్లీమీటర్లు. దానిని అట్లే భాగించినచో 19 మిల్లీమీటర్లకు మించును. కావున మన యింజనుల నమూనాను ఆ పట్టాలపై నడిపినచో పట్టాలు కొంచెము ఇరుకుగా కనబడును. తెలిసిన కన్ను దీనిని వెంటనే పట్టుకొనును.

వేగమునకును ఇదే లెక్క. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి సెకనునకు సుమారు 16.7 మీటర్లు పోవును. దానిలో 87వ వంతు సుమారు 19 సెంటీమీటర్లు. అనగా బల్లమీది బండి సెకనునకు జానెడు దూరముకంటె కొంచెము తక్కువగా నడచిన చాలును. పిల్లలు సాధారణముగా దీనికి మూడు నాలుగింతల వేగముతో నడుపుదురు. అప్పుడది రైలువలె ఉండదు. పిల్లి తరుముచున్న ఎలుకవలె ఉండును. నెమ్మదిగా కదలి, నెమ్మదిగా ఆగు బండియే చూచువారికి బరువైన బండిగా తోచును.

ఇక దృశ్యము సంగతి. చిన్న రైలుదారి సాధారణముగా కోడిగ్రుడ్డు ఆకారమున ఉండును. బండి తిరిగిన చోటనే తిరుగును. కొంతసేపటికి చూచువానికి విసుగు పుట్టును. మరియొక చిక్కు కలదు. బల్లపై వంపు సుమారు 45 సెంటీమీటర్ల వ్యాసార్థముతో ఉండును. దీనిని 87 చేత హెచ్చించినచో నిజములో 39 మీటర్లు మాత్రమే. అంత బిగువైన వంపులో పెద్దపట్టాలపై రైలు నడువజాలదు. మన పెద్దపట్టాల ప్రధానమార్గములలో మిక్కిలి బిగువైన వంపునకైనను సుమారు 175 మీటర్ల వ్యాసార్థము ఉండవలెను. దానిని బల్లపై చూపవలెనన్న వంపు వ్యాసార్థమే రెండు మీటర్లగును. అంత చోటు ఎవరి యింటిలో నుండును?

కావున చేయగలిగిన దొక్కటే. మార్చజాలని వంపును కంటికి కనబడకుండ చేయవలెను. వంపు ఉన్న చోట ఒక కొండను నిలిపి, బండిని సొరంగములో దూర్చవలెను. లేదా ఒక తోపు వెనుకనుండియో, ఊరి యిండ్ల వెనుకనుండియో పోనీయవలెను. బల్ల నడుమ ఎత్తైన గుట్టను నిలిపినచో ఒక వైపు నిలిచినవానికి రెండవ వైపు కనబడదు. బండి సొరంగములోనికి పోయి, కొంతసేపు కనబడక, వేరొక చోట వెలువడును. ఆ కొంతసేపే దూరము. ఆ సమయములో చూచువాని మనస్సు బండిని ఎన్నో ఊళ్లు దాటించును. కావున దృశ్యము అలంకారము మాత్రమే కాదు. అది చిన్న బల్లకు విస్తారమును ఇచ్చునది.

ఈ రహస్యమును తొలుత బాగుగ గ్రహించినవారిలో ఆంగ్లేయుడైన జాన్ ఆహర్న్ ఒకడు. 1930 తరువాతి దశకములో ఆయన మ్యాడర్ వ్యాలీ అను కల్పిత ప్రదేశమునకు ఒక చిన్న రైలుదారిని నిర్మించెను. అంతకుముందు పెక్కుమంది పట్టాలను, ఇంజనులను మాత్రమే శ్రద్ధతో చేయుచుండిరి. ఆహర్న్ రైలును ఒక ప్రాంతమునకు చెందినదానిగా చూపెను. ఊరు, వంతెన, నది, కొండదారి అన్నియు అందు కలవు. ఆ ఊరికి రైలు అవసరమని చూచువానికి తోచును.

రాయ్ ఇంగ్లండు అను మరియొకని కథ ఇంకను గొప్పది. ఆయన ఆస్ట్రేలియానుండి 1925లో ఇంగ్లండునకు వచ్చిన యువకుడు. ఆక్స్‌ఫర్డు ప్రాంతములోని వైట్ హార్స్ లోయలో పల్లెల అందమును చూచి ఆయన ముగ్ధుడయ్యెను. కాని ఆ పల్లెలు ఆయన కన్నులయెదుటనే మారిపోవుచుండెను. పాత గడ్డికప్పులు తొలగింపబడుచుండెను. పాత యిండ్లు పడగొట్టబడుచుండెను. వానిని ఆపుట తనవలన కాదని ఆయన యెరుగును. అయినను ప్రతి యింటిని కొలిచి, వర్ణములను వ్రాసికొని, దానిని 76వ వంతు కొలతలో అట్టతో తిరిగి నిర్మింపవచ్చునుగదా యని తలచెను. ఆయన కృషి ఫలితముగా 1954లో లాంగ్ విటెన్‌హామ్ గ్రామమున పెండన్ ప్రదర్శనశాల వెలసెను. అచ్చట ఒక్కొక్క కుటీరమునకు వందలకొలది గంటలు పట్టినవి. గోడలోని రాళ్లు, తోటలోని కూరగాయల మడులు సైతము నిజమైన స్థలమును చూచి చేసినవే. ఆహర్న్ నిర్మించిన మ్యాడర్ వ్యాలీ దారియు నేడు అచ్చటనే భద్రముగా నున్నది. ఆ లోయలోని పల్లెలు 1920, 1930 దశకములలో ఎట్లుండెడివో తెలిసికొనగోరువారు ఇప్పుడు ఆ చిన్న ఊరిని చూచుటకు పోవుచున్నారు. ఆటవస్తువు చరిత్ర సాక్ష్యమైనది.

కావున దృశ్యమును మెరుగుపరచుటకు మొదటి సాధనము జిగురు కాదు, రంగు కాదు, చూపు. మన ప్రాంతమును నమూనాగా చేయదలచినవాడు మన నేలను చూడవలెను. కృష్ణా గుంటూరు సీమలలోని నల్లరేగడి యొక రంగు. రాయలసీమలోని ఎర్రనేల మరియొక రంగు. తెలంగాణములో గుండ్రని పెద్దరాళ్లు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. కోస్తాలో పట్టాల వెంట తాటిచెట్లు నిలిచియుండును. విశాఖపట్టణమునుండి అరకు మీదుగా కిరండూలు పోవు దారిలో బండి సొరంగము వెంట సొరంగమును దాటుచు కొండల నెక్కును. ఎక్కడి చెట్టును అక్కడనే నాటవలెను. తాటితోపును పచ్చని కొండలోయలో నాటినవాడు చెట్టు చేయుట నేర్చెనుగాని, ఊరిని చూచుట నేర్వలేదు.

చేయు విధము సులభమే. ముందుగా గట్టి చెక్కబల్లపై పట్టాలను బిగించి, బండి తప్పక నడచుచున్నదో లేదో చూచుకొనవలెను. కొండ కట్టిన పిదప దాని క్రింది పట్టాను సరిచేయుట కష్టము. వెదురుబద్దలతో గాని సన్నని తీగవలతో గాని కొండకు గూడు కట్టవలెను. పాత వార్తాపత్రికలను చింపి, మైదా ఉడికించిన గంజిలో ముంచి, ఆ గూటిపై పొరలు పొరలుగా పరచవలెను. అవి ఎండిన తరువాత పలుచని పాతగుడ్డను ప్లాస్టరు ఆఫ్ పారిస్ నీటిలో ముంచి కప్పవలెను. పూర్తిగా ఎండకముందే చిన్న కత్తితో గీచినచో రాతిపొరలు ఏర్పడును. పిదప మొత్తమును మట్టిరంగుతో పూయవలెను. పచ్చదనము తరువాతిది. ప్రకృతిలోను మట్టి ముందు, గడ్డి తరువాత గదా!

గడ్డికి రంపపు పొట్టు చాలును. దానిని జల్లించి, ఆకుపచ్చని రంగునీటిలో నానవైచి, నీడను ఎండబెట్టవలెను. ఒకే పచ్చరంగు పనికిరాదు. ముదురుపచ్చ, లేతపచ్చ, ఎండిన గడ్డిరంగు అని మూడు విధములుగా చేసి కలుపవలెను. జిగురు పూసిన చోట దానిని చల్లి, ఆరిన పిదప అంటనిదానిని దులిపివేయవలెను. ఎండిన బీరకాయ పీచును చిన్న ముక్కలుగా త్రుంచి, రంగు వేసి, ఎండుపుల్లకు అంటించినచో చక్కని చెట్లగును. చెరువునకు అద్దపుముక్క క్రింద ముదురు నీలిపచ్చ రంగు పూసిన చాలును. దారి ప్రక్కన పోయుటకు ఊరి మట్టినే సన్నని జల్లెడతో జల్లించి వాడవచ్చును.

దూరమును చూపుటకు ఒక ఉపాయము కలదు. దగ్గరి చెట్లు పెద్దవిగాను, వెనుకటివి చిన్నవిగాను ఉండవలెను. దగ్గరి రంగులు గాఢముగాను, దూరపు కొండలు లేతనీలముగాను ఉండవలెను. వెనుక గోడకు వ్రేలాడదీసిన తెరపై కొండలను మరింత లేతగా చిత్రింపవలెను. అమెరికాలో మాంటెరీ నివాసి యైన జాన్ ఆలెన్ ఇట్టి ఉపాయములలో ఆరితేరినవాడు. ఆయన నేలనుండి పైకప్పువరకు కొండలు నిలిపి, తగిన చోట్ల అద్దములను మరుగుపరచి, ఒక వీధిని రెండింతల వీధిగా కనబడునట్లు చేసెను. 1973లో ఆయన మరణించిన కొలది దినములకే ఆ నిర్మాణము అగ్నికి ఆహుతియయ్యెను. కాని ఆయన చూపిన పద్ధతులను నేటికిని అభిమానులు అనుసరించుచున్నారు.

దృశ్యము బండి ఎక్కడ నున్నదో తెలుపును. ఎక్కడికి పోవచ్చునో తెలుపునది సిగ్నలు. చాలమంది సిగ్నలు స్తంభమునుకూడ ఒక చెట్టువలె అందమునకై నాటుదురు. దాని దీపము ఎల్లప్పుడును ఎర్రగానో, ఎల్లప్పుడును పచ్చగానో వెలుగుచుండును. అది చూచుటకు బాగుండవచ్చును. కాని దానికి అర్థము లేదు. బండి ఎర్రదీపమును దాటి నిర్భయముగా పోవుచుండగా చూచిన బాలుడు ఏమి నేర్చుకొనును? సిగ్నలును లెక్కచేయనక్కరలేదని నేర్చుకొనును. ఇంతకంటె సిగ్నలు లేకుండుటయే మేలు.

సిగ్నలు అసలెందుకు పుట్టినదో తెలిసినచో ఈ మాట కఠినముగా తోచదు. రెండు వరుసల దారిలో పోవు బండ్లకు ఒక వరుస, వచ్చు బండ్లకు ఒక వరుస ఉండును. ఒంటి వరుస దారిలో రెండు దిక్కుల బండ్లును ఒకే పట్టాలపై నడువవలెను. బండి ప్రక్కకు తప్పుకొనజాలదు; చూచిన వెంటనే ఆగజాలదు. కావున రెండు స్టేషనుల నడుమ ఒకే సమయమున ఒకే బండి యుండవలెను. 1874 సెప్టెంబరు 10వ తేదీ రాత్రి ఇంగ్లండులోని నారిచ్ సమీపమున థార్ప్ అను చోట, తంతివార్తలలో పొరపాటు వలన రెండు బండ్లు ఎదురెదురుగా ఒకే దారిపైకి పంపబడెను. 25 మంది మరణించిరి. ఈ ఘోరమును చూచిన పిదప ఎడ్వర్డ్ టయర్ అను ఇంజనీరు ఒక యంత్రమును కల్పించెను. రెండు స్టేషనులలోను ఉండు పెట్టెలు తంతితో కలుపబడియుండును. వానినుండి ఒకసారికి ఒక్క బిళ్ల మాత్రమే వెలికివచ్చును. ఆ బిళ్ల చేతనున్న డ్రైవరే ఆ దారిలో పోవలెను. మన దేశములోను ఒంటి వరుస దారులపై ఉక్కుగుండు గల తోలుసంచిని బెత్తపు వలయమునకు కట్టి, నడచుచున్న బండి డ్రైవరునకు అందించుట ఎన్నో యేండ్లు సాగినది. దానిని టోకెను అందురు.

అయితే యంత్రము ఉన్నంతమాత్రమున చాలునా? 1921 జనవరి 26వ తేదీన వేల్సు దేశములోని ఆబర్‌మ్యూల్ అను చిన్న స్టేషనులో జరిగిన సంగతిని వినుడు. అచ్చట రెండు బండ్లు ఒకదాని నొకటి దాటవలసియుండెను. ముందుగా వచ్చిన బండి డ్రైవరు తాను దాటివచ్చిన దారి బిళ్లను స్టేషనువారికి ఇచ్చెను. దానిని పెట్టెలో వైచి, ముందుదారికి వేరొక బిళ్లను తీయవలెను. ఆ తొందరలో బిళ్ల ఒకరి చేతినుండి మరియొకరి చేతికి మారి, తుదకు అదే బిళ్ల మరల డ్రైవరు చేతికి వచ్చెను. బిళ్లపై స్టేషనుల పేర్లు చెక్కియే యున్నవి. ఇచ్చినవారు వానిని చదువలేదు, పుచ్చుకొన్నవాడును చదువలేదు. బండి కదలెను. సరియైన బిళ్లతో ఎదురుగా వచ్చుచున్న ఎక్స్‌ప్రెస్ బండిని అది ఢీకొనెను. 17 మంది ప్రాణములు పోయెను. యంత్రము తన పని తాను చేసెను. కన్నులు మాత్రము తమ పనిని చేయలేదు.

ఇప్పుడు ఇంటిలోని రైలుదారిని చూతము. బల్లమీది బండి ఏ దిక్కునకు పోవునో నిర్ణయించునది యేది? అది విద్యుత్తు. సాధారణమైన చిన్న రైలునకు 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు చాలును. దాని ధనధ్రువము ఒక పట్టాకును, ఋణధ్రువము రెండవ పట్టాకును కలుపబడును. చక్రముల ద్వారా విద్యుత్తు ఇంజనులోని మోటారును చేరును. మోటారులో స్థిరమైన అయస్కాంతము ఉండుటచేత, ధ్రువములను తారుమారు చేసినచో మోటారు ఎదురుదిక్కునకు తిరుగును. బండి వెనుకకు నడచును.

ఇందొక చమత్కారము కలదు. పోవు దిక్కునకు కుడివైపున నున్న పట్టా ధనధ్రువమైనచో ఇంజను ముందుకు నడచునట్లు చేయుట వాడుక. తూర్పునకు ముఖముగా నున్న ఇంజను అట్లు తూర్పునకు పోవుచున్నదనుకొనుడు. దానిని ఎత్తి, పడమరకు ముఖముగా త్రిప్పి, అదే పట్టాలపై ఉంచుడు. అది ఎటు పోవును? పడమరకు పోవునని చాలమంది చెప్పుదురు. కాని ఇప్పుడు దాని కుడివైపు పట్టా ఋణధ్రువము. కావున అది వెనుకకు నడచును. అనగా మరల తూర్పునకే పోవును! ఇంజను ముఖము ఎటున్నను, దిక్కును నిర్ణయించునవి పట్టాలలోని ధ్రువములే. కావున ఆ ధ్రువములను చూచి వెలుగు దీపము దిక్కు విషయములో అసత్యము చెప్పజాలదు.

అట్టి దీపము కలదు. ఎల్.ఇ.డి. దీపము విద్యుత్తును ఒక దిక్కుననే ప్రసరింపనిచ్చును; ఆ దిక్కున ప్రసరించినప్పుడే వెలుగును. అమెరికా శాస్త్రవేత్త నిక్ హోలోన్యాక్ 1962లో కంటికి కనబడు ఎర్రని కాంతినిచ్చు ఎల్.ఇ.డి.ని చేసెను. ఒక ఎర్రదీపమును, ఒక పచ్చదీపమును తీసికొని, రెంటిని ఎదురుబొదురుగా కూర్చి, 1000 ఓముల నిరోధకము ద్వారా పట్టాల నడుమ కలుపుడు. తూర్పునకు పోవు బండ్లకు ఎదురుగా ఒక స్తంభమును, పడమరకు పోవు బండ్లకు ఎదురుగా మరియొక స్తంభమును ఇట్లే నిలుపుడు. రెండవ స్తంభములో దీపముల కూర్పు మొదటిదానికి తలక్రిందుగా నుండవలెను. ధ్రువములు తూర్పునకు అనుకూలముగా నున్నప్పుడు మొదటి స్తంభములో పచ్చదీపము, రెండవదానిలో ఎర్రదీపము వెలుగును. ధ్రువములను మార్చినంతనే రంగులును మారును. రెండు దిక్కులకు ఒకేసారి పచ్చదీపము వెలుగుటకు వీలులేదు.

ఈ యేర్పాటులో ఒక లోపము కలదు. బండి నెమ్మదించినచో వోల్టులు తగ్గును, దీపము మసకబారును. బండి ఆగినచో దీపము ఆరిపోవును. నిజమైన రైలుదారిలో ఆరిపోయిన సిగ్నలును ప్రమాద చిహ్నముగానే డ్రైవరు భావింపవలెను. కావున మనము దీనిని మెరుగుపరుపవలెను. దిక్కు మార్చు మీటలో రెండు వేరు వేరు కొసల జట్లు ఉండునట్లు చూడవలెను. ఒక జట్టు పట్టాలకు విద్యుత్తును పంపును. రెండవ జట్టు వేరొక స్థిరమైన విద్యుత్తును దీపములకు పంపును. మీట ఒక్కటే గావున పట్టా ఒక మాట, దీపము మరియొక మాట చెప్పుటకు వీలుండదు. 1856లో ఆంగ్లేయుడైన జాన్ సాక్స్‌బీ పాయింట్లను, సిగ్నళ్లను ఒకదానితో నొకటి ముడిపెట్టి హక్కుపత్రమును పొందిన పద్ధతికి మూలసూత్రము ఇదియే. దారి ఒప్పుకొననిదే సిగ్నలు దిగరాదు.

ఇంకను ఒక మెట్టు కలదు. దిక్కు సరియైనంతమాత్రమున ముందుదారి ఖాళీగా నున్నదని చెప్పజాలము. అమెరికాలో విలియం రాబిన్సన్ 1872లో దీనికి ఉపాయము కనిపెట్టెను. పట్టాలలో కొంత భాగమును వేరుపరచి, ఒక కొసనుండి స్వల్పమైన విద్యుత్తును పంపి, రెండవ కొసన ఒక విద్యుదయస్కాంతమును ఉంచెను. ఆ విద్యుత్తు చేరుచున్నంతవరకు దారి ఖాళీ. బండి వచ్చినచో దాని చక్రములు, ఇరుసులు విద్యుత్తును అడ్డదారి పట్టించును. అయస్కాంతము పట్టు విడుచును. సిగ్నలు ప్రమాదమును చూపును. తీగ తెగినను, పట్టా విరిగి విద్యుత్తు ఆగినను, బ్యాటరీ నశించినను అదియే జరుగును. అనగా యంత్రము చెడినచో జాగ్రత్త వైపే చెడును. పాత సిగ్నలు స్తంభములలో తీగ తెగినచో చేయి బరువుచేత తనంతట తానే అడ్డముగా నిలుచు ఏర్పాటునకును ఇదియే భావము. ఇంటి రైలుదారిలో బండి క్రింద చిన్న అయస్కాంతమును, పట్టాల నడుమ అయస్కాంతము సోకిన కలియు చిన్న మీటను అమర్చి ఇట్టి పనిని కొంతవరకు చేయవచ్చును.

ఇట్టి పనులను ఇంటిలోని గోడ విద్యుత్తుతో నేరుగా ఎన్నడును చేయరాదు. 230 వోల్టులు ప్రాణాపాయకరములు. వోల్టులను తగ్గించు పెట్టెను విశ్వాసపాత్రమైన దుకాణములో కొని, దాని వెలుపలి తీగెలతోనే పనిచేయవలెను. ఆ పెట్టెను విప్పరాదు. తీగెలు కలుపునప్పుడు విద్యుత్తును నిలిపివేయవలెను. తెలిసిన పెద్దవారు ఒకరు దగ్గర నుండవలెను.

చిన్న రైలుదారి పెద్దవారికిని పాఠశాలయైనది. ఇంగ్లండులో లాంకషైర్ యార్క్‌షైర్ రైల్వేవారు మాంచెస్టరు విక్టోరియా స్టేషనులో సిగ్నలు పనివారికి శిక్షణ యిచ్చుటకు ఒక నమూనా దారిని నెలకొల్పిరి. అది నేడు యార్కు నగరములోని జాతీయ రైల్వే ప్రదర్శనశాలకు చేరినది. బల్లమీద తప్పు జరిగినచో రెండు బొమ్మబండ్లు తగులుకొనును; శిక్షకుడు మరల చేయుమనును. నిజమైన దారిలో మరల చేయుటకు అవకాశముండదు. మన దేశములో రైలు సిగ్నళ్ల విద్యను బోధించు భారతీయ రైల్వే సంస్థ 1957లో సికింద్రాబాదునందే స్థాపింపబడినది. 2022 మార్చి 4వ తేదీన అదే సికింద్రాబాదు ప్రాంతపు దక్షిణ మధ్య రైల్వే దారిలో కవచ్ అను స్వదేశీ రక్షణ యంత్రమును పరీక్షించిరి. రెండు ఇంజనులను ఒకే దారిపై ఎదురెదురుగా నడిపిరి. రైల్వే మంత్రి స్వయముగా ఒక ఇంజనులో ఉండెను. యంత్రము తనంతట తానే 380 మీటర్ల దూరమున బండిని ఆపెను. థార్ప్‌లోను ఆబర్‌మ్యూల్‌లోను మరణించినవారి ప్రాణములు తిరిగి రావు. కాని వారి మరణమునుండి మానవుడు నేర్చిన పాఠము తరతరములుగా పెరుగుచు మనవరకు వచ్చినది.

ఇంటిలో రైలుదారిని నిర్మించు బాలునకు విలువైన వస్తువులు అవసరము లేదు. రంపపు పొట్టు, బీరకాయ పీచు, పాత పత్రికలు, కొన్ని తీగెలు, రెండు దీపములు చాలును. ఓర్పు మాత్రము విస్తారముగా కావలెను. చెట్టును చేయవలెనన్న చెట్టును చూడవలెను. కొండను చేయవలెనన్న కొండను చూడవలెను. సిగ్నలును నిలుపవలెనన్న అది చెప్పు మాట నిజమగునట్లు చూడవలెను. పచ్చదీపము వెలిగిన చోట దారి తప్పక ఉండవలెను. ఎర్రదీపము వెలిగిన చోట బండి తప్పక ఆగవలెను. బల్లమీద ఈ నియమమును పాటించు చేయి, పెద్దయైన పిదప ఏ పనిలోనైనను తాను పెట్టు సంతకమును, తాను ఇచ్చు మాటను అంతే జాగ్రత్తతో చూచుకొనును.

ప్రశ్నలు

1. బొమ్మరైలునకును నమూనారైలునకును గల భేదమేమి?
2. చిన్న రైలుదారిలో కొండలను, సొరంగములను నిర్మించుట వలన కలుగు ప్రయోజనములను తెలుపుము.
3. రాయ్ ఇంగ్లండు పల్లె యిండ్లను నమూనాలుగా చేయుటకు కారణమేమి?
4. ఇంజనును ఎత్తి త్రిప్పి ఉంచినను అది అదే దిక్కునకు పోవుటకు హేతువును వివరింపుము.
5. ఆబర్‌మ్యూల్ ప్రమాదమునుండి మనము నేర్చుకొనవలసిన నీతి యేమి?
6. “యంత్రము చెడినచో జాగ్రత్త వైపే చెడును.” ఈ వాక్యమును ఒక ఉదాహరణముతో విశదీకరింపుము.
7. మీ యూరి సమీపమున నున్న రైలుస్టేషనునుగాని, బస్సు నిలుచు చోటునుగాని చూచి, నమూనా చేయుటకు కావలసిన వివరములను పది వాక్యములలో వ్రాయుము.